శాసనసభ కాయితాల్లో కూలోడి కష్టం
(కామ్రేడ్ పుచ్చలపల్లి సుందరయ్య జీవితం)

బుచ్చిరెడ్డిపాలెం: పెన్న డెల్టాలో పొలం తగాదా ఏది వచ్చినా చివరకు కాయితం దగ్గరకే వచ్చి ఆగుతుంది. భూమిగల ఆసామి పట్టా తీస్తాడు, అడంగల్ తీస్తాడు, శిస్తు రసీదులు తీస్తాడు. కౌలుదారు దగ్గర నోటిమాట తప్ప ఏమీ ఉండదు. వ్యవసాయ కూలీ దగ్గర అదీ ఉండదు. మూడు తరాలుగా నారు పీకి, నాటేసి, కోతకోసి, కుప్ప నూర్చిన కుటుంబం పేరు ఆ భూమికి సంబంధించిన ఏ రికార్డులోనూ కనిపించదు. కూలి ఎగ్గొట్టారంటే లెక్క చూపమంటారు. ఫలానా చేను మేమే చేసుకుంటున్నామంటే రుజువేదీ అంటారు.

రికార్డులో లేని ఈ మనుషుల కష్టాన్ని రికార్డుకెక్కించడానికి జీవితమంతా పెట్టిన నాయకుడు మన డెల్టాలోనే పుట్టారు. ఆయన కామ్రేడ్ పుచ్చలపల్లి సుందరయ్య. రాజ్యసభలోనూ శాసనసభలోనూ కలిపి సుమారు ఇరవయ్యేళ్ళు ప్రజాప్రతినిధిగా ఉన్నారు. ఆయన త్యాగాల గురించి సభల్లో ఎప్పుడూ చెప్పుకుంటాం. ఆయన విడిచిపోయిన కాయితాల గురించి మాత్రం తక్కువగా చెప్పుకుంటాం. వ్యవసాయ కార్మికులకు అవి ఎందుకు కావాలో చూద్దాం.

సుందరయ్య 1913 మే 1న అలగానిపాడులో భూస్వామి కుటుంబంలో పుట్టారు. అది నేటి విడవలూరు మండలంలోని గ్రామం. 1855లో నెల్లూరు ఆనకట్ట, 1880ల్లో సంగం ఆనకట్ట కట్టాక పెన్న నీళ్ళు కాలవల వెంట పారి ఈ సీమ మాగాణి అయింది. మొలగొలుకుల బియ్యానికి పేరొచ్చింది. భూములున్న ఇళ్ళలో గాదెలు నిండాయి. ఆ గాదెలు నింపిన మాల, మాదిగ, యానాది పేటల్లో మాత్రం గంజికి కరువు. అప్పుకింద ఏళ్ళతరబడి పాలేరుతనం చేయడం, కూలి కింద కుంచాల ధాన్యం తీసుకోవడం, ఆ కుంచం కూడా వెలితిగా ఉండటం, ఊరి బావి దగ్గరకు పోకూడదనడం - ఇదీ ఆనాటి పల్లె.

ఆరేళ్ళ వయసులోనే తండ్రి పోయారు. తల్లి పెంచింది. ఇంట్లో పెట్టిన పేరు సుందరరామిరెడ్డి. కులం తోక అక్కరలేదని ఆయనే తీసేసి సుందరయ్య అయ్యారు. ఇప్పుడు ఇది చిన్న సంగతిగా కనిపించవచ్చు. వంద ఎకరాలున్నవాడికి ఊళ్ళో ఎంత గౌరవమో పేరు చివర తోకకూ అంతే గౌరవమున్న రోజుల్లో ఆ పని చేశారు గదా!

మద్రాసు లయోలా కాలేజీలో చదువుతుండగా 1930లో ఉప్పు సత్యాగ్రహం వచ్చింది. పదిహేడేళ్ళ కుర్రవాడు చదువు వదిలి అందులో దూకారు. అరెస్టు చేసి బోర్‌స్టల్ పాఠశాలలో పెట్టారు. కమ్యూనిస్టు భావాలతో పరిచయం అక్కడే మొదలైంది. బయటికొచ్చాక మద్రాసులో రహస్యంగా పార్టీని కడుతున్న అమీర్ హైదర్ ఖాన్ ఆయనకు దారి చూపారు.

జైలు నుంచి వచ్చిన ఆ యువకుడు మొదట పని పెట్టుకున్నది సొంత ఊళ్ళోనే, సొంతవాళ్ళ మీదనే. అలగానిపాడు వ్యవసాయ కార్మికులను కూడగట్టారు. వెట్టి చేయొద్దన్నారు, కూలి పెంచమని అడగమన్నారు. దళితులను ఊరి బావి దగ్గరకు తీసుకెళ్ళారు. తక్కువ ధరకు సరుకులు దొరికే కొట్టు పెట్టించారు, చదువు చెప్పారు. బంధువులకు కోపమొచ్చింది. తన ఇంటి పాలేర్లకు తానే సంఘం పెట్టే ఆసామిని వాళ్ళెక్కడ చూశారు! తరువాత తన వాటా ఆస్తిని కూడా అమ్మి ఉద్యమానికి ఇచ్చేశారు.

పేటలో ఒక్కో ఇంటికీ వెళ్ళి అప్పు ఎంత, జీతం ఎంత, తిండి ఎన్ని పూటలని విచారించకుండా సంఘం పెట్టడం ఎవరి తరమూ కాదు. లెక్క తెలియకుండా కోర్కెల పత్రం తయారు కాదు. ఆ రోజుల్లో పల్లెలో అలవాటైన ఈ పద్ధతినే తరువాత శాసనసభకు పట్టుకుపోయారు.

1934లో పార్టీ కేంద్ర కమిటీలోకి వెళ్ళారు. 1936లో లక్నోలో అఖిల భారత కిసాన్ సభ ఏర్పడినప్పుడు దాని స్థాపకుల్లో ఒకరై, సంయుక్త కార్యదర్శిగా ఎన్నికయ్యారు. 1939 నుంచి 1942 వరకు అజ్ఞాతవాసం. 1943లో లీలగారిని పెళ్ళి చేసుకున్నారు. ఉద్యమానికి ఆటంకం కాకూడదని బిడ్డలు వద్దనుకున్నారు ఆ దంపతులు. తెలుగువాళ్ళంతా మూడు పాలనల కింద చీలి ఉన్న 1946లోనే ఆయన విశాలాంధ్రలో ప్రజారాజ్యం అనే పుస్తకం రాశారు. రాష్ట్రం రాకముందే, వస్తే ఇక్కడి నదులూ భూములూ ప్రజలకెట్లా ఉపయోగపడాలో ఆలోచించిన పుస్తకం అది.

అదే 1946లో తెలంగాణాలో దొరల మీద, నైజాం మీద రైతులు తిరగబడ్డారు. జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగారు. 1951 అక్టోబరు దాకా సాగిన ఆ సాయుధ పోరాటానికి నాయకత్వం వహించినవారిలో సుందరయ్య ఒకరు. 1948 నుంచి 1952 దాకా అజ్ఞాతంలోనే ఉన్నారు.

ఆ పోరాటం గురించి పోలీసు కాయితాలున్నాయి, ప్రభుత్వ ప్రకటనలున్నాయి. వాటిని బట్టి చరిత్ర రాస్తే అది దోపిడీదొంగల కథ అయ్యేది. సుందరయ్య 1972లో ఇంగ్లీషులో పెద్ద గ్రంథం ప్రచురించారు. మూడు వేల గ్రామాల్లో ప్రజలు తమ పాలన పెట్టుకున్నారనీ, పది లక్షల ఎకరాలు పంచుకున్నారనీ, నాలుగు వేల మంది కమ్యూనిస్టులూ రైతు వీరులూ ప్రాణాలిచ్చారనీ, పది వేల మందికి పైగా మూడు నాలుగేళ్ళు నిర్బంధాల్లో మగ్గారనీ ఆ పుస్తకం లెక్క చెప్పింది. గ్రామం పేరు, మనిషి పేరు, దళం పేరు అందులో ఎక్కాయి. గొర్రెల కాపరి, చాకలి, పాలేరు చరిత్ర పుస్తకంలో పేరుతో నిలబడ్డారు. వాళ్ళ పిల్లలకు అది పట్టాకన్నా తక్కువ కాయితం కాదు.

1952లో మద్రాసు రాష్ట్రం నుంచి రాజ్యసభకు ఎన్నికయ్యారు. అజ్ఞాతం నుంచి నేరుగా పార్లమెంటు! అక్కడ కమ్యూనిస్టు సభ్యుల నాయకుడు. కార్లు బారులు తీరిన ఢిల్లీలో పార్లమెంటుకు సైకిల్ మీద పోయేవారు. ఈ సంగతి ఎంత ప్రసిద్ధికెక్కిందంటే, ఆయనేం మాట్లాడారో మరిచిపోయి సైకిలొక్కటే గుర్తుంచుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. ఇది ఆయనకు జరిగిన ఒక అన్యాయమే.

1955లో ఆంధ్ర రాష్ట్రం మధ్యంతర ఎన్నికలు. కమ్యూనిస్టులకు నూటికి 31 ఓట్లు వచ్చినా, 196 స్థానాల సభలో దక్కినవి 15 సీట్లే. కృష్ణా జిల్లా గన్నవరం నుంచి సుందరయ్య గెలిచారు. అప్పుడు రాజధాని కర్నూలు. ముఖ్యమంత్రి బెజవాడ గోపాలరెడ్డి గారు. ఆయన 1907లో పుట్టింది మన బుచ్చిరెడ్డిపాలెంలోనే. శాంతినికేతన్‌లో చదివిన పండితుడు, ఠాగూరు రచనలను తెలుగులోకి తెచ్చినవారు. ఒకే డెల్టాలో పుట్టిన ఇద్దరు ఒకే సభలో ఎదురెదురుగా కూర్చున్నారు. ఇద్దరూ జాతీయోద్యమంలో జైలుకు పోయినవాళ్ళే. ఒకరు అధికార పక్షం, ఒకరు ప్రజల తరఫున నిలదీసే పక్షం. పుట్టిన ఇల్లే మనిషి దారిని నిర్ణయిస్తుందనేవాళ్ళకు అలగానిపాడు భూస్వామి బిడ్డడే జవాబు.

పదిహేను మందితో ప్రభుత్వాన్ని పడగొట్టలేం. మరి ఏం చేయగలం? శాసనసభలో సభ్యుడు ప్రశ్న వేస్తే మంత్రి జవాబు చెప్పాలి. జిల్లాలో ఎంత బంజరు ఉంది, ఎవరి ఆక్రమణలో ఉంది, ఫలానా కాలవ కింద ఎంత ఆయకట్టుకు నీరందలేదు - జవాబు అచ్చవుతుంది. రేపు తాసీల్దారు ఆఫీసు దగ్గర ధర్నా చేసే కూలీల చేతికి అది ఆయుధమవుతుంది. బడ్జెట్ పద్దుల మీద చర్చలో చెప్పిన మాట, బిల్లు మీద పెట్టిన సవరణ, ఓడిపోయినా సరే, కార్యకలాపాల పుస్తకంలో ఉండిపోతాయి. సుందరయ్య శాసనసభను ఇట్లా వాడుకున్నారు. అంకెలు లేకుండా సభలో లేవడం ఆయనకు అలవాటు లేదు. భూమి, నీటిపారుదల, కూలి - ఏది మాట్లాడినా ఊళ్ళు తిరిగి తెచ్చిన సమాచారమూ, ప్రభుత్వ నివేదికల్లో తవ్వి తీసిన లెక్కా పక్కపక్కన పెట్టేవారు.

ఆ కాలంలోనే 1956 కౌలు చట్టం వచ్చింది, 1961 భూపరిమితి చట్టం వచ్చింది. చట్టం వచ్చింది గాని భూమి రాలేదు. పరిమితులు పెద్దవి, మినహాయింపులు బోలెడు. బినామీ పేర్ల మీద, చుట్టాల పేర్ల మీద మిగులు భూమి మాయమైంది. అంటే కాయితం ఒక్కటే భూమి తెచ్చిపెట్టదు. కదిలే ప్రజలు వెనక లేకపోతే శాసనసభ పుస్తకం అల్మారాలో చెదలకు మేత. ఇది సుందరయ్యకు బాగా తెలుసు. అందుకే సభ ముగిస్తే ఊళ్ళ బాట పట్టేవారు.

1962లో గన్నవరం మళ్ళీ ఆయననే ఎన్నుకుంది. 1964లో పార్టీ చీలింది. సి.పి.ఐ.(ఎం) ప్రధాన కార్యదర్శిగా ఎన్నికైన వెంటనే ప్రభుత్వం నిర్బంధించింది. 1966 మే వరకు జైలు. ప్రజలెన్నుకున్న సభ్యుడు విచారణ లేకుండా లోపల ఉంటే, ఆయనకు ఓటేసినవాళ్ళ గొంతు సభలో వినపడలేదు. 1967 దాకా శాసనసభలో ఉన్నారు. ఎమర్జెన్సీలో మళ్ళీ అజ్ఞాతం. పార్టీ అనుసరించవలసిన పంథాపై అభిప్రాయభేదాలతో 1976లో ప్రధాన కార్యదర్శి పదవి వదిలారు. పదవి పోయిందని పని మానలేదు. 1978లో అదే గన్నవరం నుంచి గెలిచి 1983 వరకు శాసనసభలో పనిచేశారు. 1973లో చేసిన కొత్త భూసంస్కరణల చట్టం 1975 నుంచి అమలు మొదలై, మిగులు భూమి మీద కేసులు నడుస్తున్న రోజులవి. 1985 మే 19న కన్నుమూశారు. ఆస్తి లేదు, వారసులు లేరు.

మిగిలినవి కాయితాలు. సభల కార్యకలాపాల్లో ఆయన ప్రసంగాలున్నాయి. తెలంగాణా పోరాట చరిత్ర ఉంది. విప్లవపథంలో నా పయనం అనే ఆత్మకథ ఉంది. హైదరాబాదు బాగ్‌లింగంపల్లిలో 1988లో ఆయన పేరు మీద విజ్ఞాన కేంద్రం పెట్టారు. ఆయన సొంత పుస్తకాలతో మొదలైన గ్రంథాలయం అక్కడ పెరిగింది. 2000 ఆగస్టులో నగరానికి వరదొచ్చినప్పుడు ఆ గ్రంథాలయంలోకి నీళ్ళు చొరబడి పుస్తకాలు తడిసిపోయాయి. నీళ్ళు పోయాక వాటిని బాగుచేసుకోవడానికి ఎంత శ్రమపడాలో కాయితం విలువ తెలిసినవాళ్ళకే తెలుసు. కాయితం దానంతటది బతకదు, ఎవరో కాపాడాలి.

ఇదంతా పాతకథ కాదు. కౌలుదార్లకు రుణాలు అందాలని 2011లో భూ అధీకృత సాగుదారుల చట్టం కింద గుర్తింపు కార్డులు వచ్చాయి. 2019లో చట్టం మారి, కార్డు కావాలంటే యజమాని ఒప్పంద పత్రం మీద సంతకం చేయాలన్న షరతు వచ్చింది. సంతకం పెడితే భూమి పోతుందేమోనని ఆసామికి భయం. సంతకం అడిగితే కౌలు పోతుందేమోనని కౌలుదారుకు భయం. మధ్యలో నష్టపరిహారం, బ్యాంకు రుణం, పంట కొనుగోలు అన్నీ పట్టాదారు పేరునే నడుస్తాయి. పెన్న మీద 2022లో సంగం దగ్గర బ్యారేజీ వచ్చింది. నీటికి కొత్త గేట్లొచ్చాయి గాని, ఆ నీటితో పండించే మనిషికి రికార్డులో చోటు రాలేదు.

సంఘాల కార్యకర్తలు సుందరయ్య దగ్గర నేర్చుకోవలసింది ఇక్కడ ఉంది. ప్రతి ఊళ్ళో సంఘానికి ఒక పుస్తకం ఉండాలి. ఈ కారు నాట్లకు ఎంత కూలి ఇచ్చారు, ఆడవాళ్ళకెంత, మగవాళ్ళకెంత, ఎవరి చేను ఎవరు కౌలుకు చేస్తున్నారు, ఎన్ని బస్తాల కౌలు, తుపానుకు పంట పోతే డబ్బు ఎవరి ఖాతాలో పడింది - తేదీ వేసి రాయాలి. చదువొచ్చిన కూలీ బిడ్డల చేతనే రాయించాలి. మహజరు ఇచ్చినప్పుడు నకలు మీద ఆఫీసు ముద్ర వేయించుకుని దాచాలి. మన ఎమ్మెల్యే ఏ పార్టీవాడైనా సరే, ఈ లెక్కలు చేతికిచ్చి సభలో ప్రశ్న వేయమని అడగాలి. వేయకపోతే అదీ పుస్తకంలో రాయాలి.