బందరు హిందూ కాలేజీలో గోరా మాస్టారు

గోరా గారు నాస్తికులని మన జిల్లాలో అందరికీ తెలుసు. ఆయన వృక్షశాస్త్రం అధ్యాపకులని, మన బందరు హిందూ కాలేజీలోనే పాఠాలు చెప్పారని మాత్రం ఈ తరంలో చాలామందికి తెలియదు.

అసలు పేరు గోపరాజు రామచంద్రరావు. 1902 నవంబరు 15న ఇప్పటి ఒడిశాలోని ఛత్రపురంలో పుట్టారు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో వృక్షశాస్త్రం చదివారు. మదురై, కోయంబత్తూరు, కొలంబోలలో పనిచేసి, కాకినాడ పి.ఆర్. కాలేజీలో చేరారు.

ఏ మాటనైనా పరీక్షించి చూడటం ఆయనకు తరగతి గదితో ఆగేది కాదు. దయ్యాలున్నాయని జనం భయపడే ఇంట్లో కాపురం పెట్టారు. గ్రహణం వేళ గర్భిణి బయటికి రాకూడదన్నారు. ఆయన భార్య సరస్వతి గారు కడుపుతో ఉండి కూడా బయటికి వచ్చారు, బిడ్డకేమీ కాలేదు. జంధ్యం వేసుకోనన్నందుకు సొంత ఇల్లే వదలాల్సి వచ్చింది. దేవుడి భావన మీద వ్యాసం రాసినందుకు 1933లో కాకినాడ ఉద్యోగం పోయింది. బందరు వచ్చారు. కొన్నేళ్ళకు ఇక్కడా నాస్తిక భావాల వల్లే ఉద్యోగం పోయింది. ఇంటి నిండా చిన్న పిల్లలు.

అప్పుడు ఆదుకున్నది మన పక్కనున్న పల్లెటూరు. స్వాతంత్ర్య సమరయోధులు అన్నే అంజయ్య గారి పిలుపు మీద 1940లో ముదునూరు వెళ్ళారు. ఊరు ఆయనకు నీడనిచ్చింది, పనీ ఇచ్చింది. అక్కడే నాస్తిక కేంద్రం మొదలైంది. వయోజనులకు చదువు చెప్పారు, అన్ని కులాలవారినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి భోజనాలు పెట్టించారు. 1947లో కేంద్రం విజయవాడకు మారింది. 1975 జులై 26న ఆయన కన్నుమూశారు. రెండేళ్ళకు, 1977 నవంబరు 19న ఉప్పెన మన దివిసీమను ముంచినప్పుడు, సాయానికి వచ్చినవాళ్ళలో ఆ కేంద్రం మనుషులూ ఉన్నారు.

మా ఇంట్లో రోజూ దీపం పెడతాం. గోరా గారి నాస్తికత్వం నాకు పట్టలేదు. కానీ ఇంజనీరుగా ఒకటి తెలుసు: గట్టు ఎక్కడ బలహీనంగా ఉందో చెప్పినవాడి నోరు మూయిస్తే గట్టు బలపడదు. ప్రశ్న వేసినందుకు రేపు మన ఊళ్ళో ఏ సైన్సు మాస్టారినో, ఏ పరిశోధక విద్యార్థినో నలుగురూ చేరి తరిమితే, ఆ మాటతో మనం ఏకీభవించాలని లేదు. ఆ సాయంత్రమే వాళ్ళింటికి వెళ్ళి పలకరిద్దాం. యాజమాన్యానికి మన సంఘం తరఫున ఉత్తరం రాద్దాం. జీతం ఆగితే ఆ ఇంట పొయ్యి ఆరకుండా చూద్దాం. ముదునూరు చేసింది అదే. యాభై ఏళ్ళ మన బడికి ఆ పాటి శక్తి ఉంది.