గంగాగర్భం నుండి వచ్చిన వీణ

మహానంది కోనేటి అడుగున గుండుసూది పడినా కనబడుతుందని నంద్యాల వారికి వేరే చెప్పనక్కరలేదు. కాశీలో గంగ అట్టిది కాదు. ఆ నీటిలోనే శ్రీ ముత్తుస్వామి దీక్షితుల వారికి వీణ లభించిందని సంప్రదాయం.

18వ శతాబ్దిలో, మన్మథ నామ సంవత్సరాన తిరువారూరులో జన్మించిన దీక్షితులు తండ్రి రామస్వామి దీక్షితుల వద్ద సంగీతం అభ్యసించారు. కుటుంబం మద్రాసు చెంత మణలిలో ఉన్న రోజుల్లో చిదంబరనాథ యోగి వచ్చి, ఈ కుమారుని తన వెంట కాశీకి పంపమన్నారు. అంత దూరం పంపడానికి తండ్రికి మనసొప్పలేదు. కడకు పంపారు.

పాతబడిన పనసకొయ్య నాదం కోసం వైణికులు ఏళ్ల తరబడి ఎదురుచూస్తారు. దీక్షితులు చేసినది గురుసేవ, శ్రీవిద్యోపాసన, హిందుస్తానీ సంగీత శ్రవణం. కొన్నేళ్లకు ఒకనాడు గురువు గంగలో దిగమన్నారు. దిగిన శిష్యుని చేతికి వీణ అందింది! వీణ కొసన యాళి ముఖం సాధారణంగా కిందికి వంగి ఉంటుంది. (యాళి ఎట్లుంటుందో ఆళ్లగడ్డ శిల్పులను అడగండి, చెబుతారు.) ఈ వీణకు అది పైకి చూస్తుంది; దానిపై దేవనాగరి లిపిలో రామనామం. ఎవరు చేసిన వీణో, అంతకుముందు ఎవరు వాయించారో ఆ కథలో లేదు.

వీణ దక్కిన సంతోషం ఎంతసేపు? గురువు ఆ గంగాతీరానే సిద్ధి పొందారు. దీక్షితులు ఒంటరిగా దక్షిణాదికి మరలారు. తిరుత్తణిలో సుబ్రహ్మణ్యుని సన్నిధిని తొలి కృతి వెలువడింది; గురుగుహ అన్నది ఆయన ముద్ర అయింది. 1835లో దీపావళినాడు ఎట్టయపురంలో దేహం చాలించారు. ఆ వంశీయులైన సుబ్బరామ దీక్షితులు ఆయన కృతులను స్వరపరచి, 1904లో సంగీత సంప్రదాయ ప్రదర్శినిగా తెలుగు లిపిలోనే అచ్చు వేయించారు.