టిప్పు సుల్తాన్ వంశపు ఆడబిడ్డ – నూర్ ఇనాయత్ ఖాన్

మేము బడిలో టిప్పు సుల్తాన్ పాఠం చెప్పినప్పుడల్లా 1799లో శ్రీరంగపట్నంలో ఆయన షహీద్ అయ్యారనే మాటతో పాఠం ముగుస్తుంది. అదే ఖాన్దాన్‌లో పుట్టిన ఒక ఆడబిడ్డ, 145 ఏళ్ల తరువాత, హిట్లర్ మనుషుల చేతిలో ప్రాణాలిచ్చిందని మన పిల్లల్లో చాలామందికి తెలియదు. అందుకే ఆమె సంగతి నాలుగు మాటలు చెప్పదలచాము.

నూర్ తండ్రి హజ్రత్ ఇనాయత్ ఖాన్ గారు బరోడాకు చెందిన సంగీత విద్వాంసులు. మన హైదరాబాదుకు వచ్చి ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ గారి మెప్పు పొందారు. ఇక్కడే సయ్యద్ అబూ హాషిం మదనీ గారిని ముర్షిద్‌గా స్వీకరించి సూఫీ మార్గం పట్టారు. తల్లి ఓరా రే బేకర్ అమెరికా దేశస్థురాలు. నూర్ 1914 జనవరి 1న మాస్కోలో పుట్టి, పారిస్ దగ్గర పెరిగింది. 1927లో తండ్రి ఢిల్లీలో కన్నుమూయగా, పదమూడేళ్లకే తమ్ముళ్లనూ చెల్లెలినీ చూసుకునే బరువు ఆమె మీద పడింది. అయినా చదువు మానలేదు. పిల్లల కోసం కథలు రాసింది. ఆమె తిరగరాసిన జాతక కథలు 1939లో పుస్తకంగా వచ్చాయి.

1940లో జర్మన్లు ఫ్రాన్సును ఆక్రమించగా కుటుంబం ఇంగ్లండు చేరింది. అదే సంవత్సరం నవంబరులో నూర్ వైమానిక దళపు మహిళా విభాగంలో చేరి వైర్‌లెస్ పని నేర్చుకుంది. తరువాత రహస్య సేవకు ఎంపికైంది. అబద్ధం చేతకాని ఈ పిల్ల గూఢచర్యానికి పనికిరాదని శిక్షకుల్లో కొందరు అనుమానించారు. కానీ వైర్‌లెస్ పనివారి కొరత వల్ల పై అధికారులు 1943 జూన్‌లో ఆమెను రాత్రివేళ విమానంలో ఫ్రాన్సుకు పంపారు.

వెళ్లిన కొద్ది రోజులకే ఆమె సహచరులు వరుసగా పట్టుబడ్డారు. తిరిగి రమ్మన్నా ఆమె రానన్నది. తానూ వెళ్లిపోతే పారిస్ నుండి లండనుకు కబురు అందించేవారు ఉండరు. జర్మన్ల బండ్లు వైర్‌లెస్ ఎక్కడ మోగుతున్నదో పసిగడుతూ వీధులు తిరుగుతుంటే, ఇల్లు మార్చి ఇల్లు మారుతూ మూడు నెలలకు పైగా పని నడిపింది. అక్టోబరులో పట్టుబడింది.

ఇక్కడ ఒక సంగతి దాచకూడదు. పంపిన సందేశాలన్నీ ఆమె ఒక నోటుబుక్కులో రాసి ఉంచింది. అది శత్రువుకు దొరికింది. జర్మన్లు ఆమె పేరుతోనే లండనుకు దొంగ కబుర్లు పంపారు. లండన్ అధికారులు వాటిని నమ్మారు. ఫలితంగా కొత్తగా దిగిన మనుషులు కొందరు నేరుగా శత్రువు చేతిలో పడ్డారు. గూఢచారిని పట్టుకుని ఊరుకోకుండా, వాళ్ల గొంతుతోనే పైవాళ్లను మోసగించడం ఎదురు గూఢచర్యంలో పెద్ద ఎత్తు. నూర్ పొరపాటు ఎంతటిదో, లండన్ వాళ్ల అజాగ్రత్త కూడా అంతటిదే. అయితే విచారణలో ఎంత అడిగినా ఆమె నోట ఒక్క రహస్యమూ రాలేదు.

రెండుసార్లు తప్పించుకోబోయి దొరికిపోయింది. ఇక పారిపోనని మాట రాసివ్వమంటే ఇవ్వలేదు. అందుకని జర్మనీలోని ఫోర్జ్‌హైమ్ జైలులో సుమారు పది నెలలు సంకెళ్లలో ఉంచారు. 1944 సెప్టెంబరు 13న డాకౌ శిబిరంలో మరి ముగ్గురు స్త్రీలతో పాటు కాల్చి చంపారు. అప్పటికి ఆమెకు 30 ఏళ్లు. 1949లో బ్రిటన్ జార్జి క్రాస్ ప్రకటించింది. ఫ్రాన్సు కూడా పతకమిచ్చి గౌరవించింది.

అమానత్ అంటే సొమ్ము ఒక్కటే కాదు, నమ్మి చెప్పిన మాట కూడా అమానతే. మన ఆడపిల్లలకు ఈ కథ తప్పక చెప్పాలి. అల్లాహ్ ఆమెకు మగ్ఫిరత్ ప్రసాదించుగాక. ఆమీన్.