మీర్ మహబూబ్ ఆలీ ఖాన్

మీర్ మహబూబ్ ఆలీ ఖాన్ (1866 ఆగష్టు 17 - 1911 ఆగష్టు 29) హైదరాబాదు రాజ్యాన్ని పాలించిన అసఫ్ జాహీ వంశంలో ఆరవ నిజాం. పాము విషం దించే శక్తి ఉందని ప్రజల్లో వ్యాపించిన నమ్మకం, జాకబ్ వజ్రం, ఫలక్‌నుమా ప్యాలెస్ - ఇతని పేరు చెప్పగానే గుర్తుకు వచ్చేవి ఇవే. వీటి మాటున అంతగా ప్రచారం పొందని పని నాణేల సంస్కరణ. చార్మినారు బొమ్మ నాణెం మీదికి ఎక్కింది ఇతని కాలంలోనే.

బాల్యం, పట్టాభిషేకం

ఇతడు ఐదవ నిజాం అఫ్జలుద్దౌలా కుమారుడు. 1869 ఫిబ్రవరిలో తండ్రి మరణించేనాటికి రెండున్నరేళ్ళ పసివాడు. మొదటి సాలార్ జంగ్, షంసుల్ ఉమ్రా సంరక్షకులుగా రాజ్యాన్ని నడిపారు. 1884 ఫిబ్రవరి 5న వైస్రాయి లార్డ్ రిప్పన్ సమక్షంలో పూర్తి అధికారాలు స్వీకరించాడు.

నాణేలు

19వ శతాబ్దం తొలి సగంలో రాజ్యంలో పలుచోట్ల టంకశాలలుండేవి. ఒకచోటి రూపాయి మరొకచోట అదే విలువకు చెల్లేది కాదు, లాభమంతా షరాబులకే. సాలార్ జంగ్ వీటిని అదుపుచేసి హాలీ సిక్కాను నిలబెట్టాడు. అయినా మహబూబ్ ఆలీ ఖాన్ పాలనలో చాలాకాలం పాతనగరంలోని సుల్తాన్ షాహీ టంకశాలలో వెండి బిళ్ళను రెండు అచ్చుల నడుమ ఉంచి సుత్తితో కొట్టి రూపాయలు చేసేవారు. అచ్చు బిళ్ళ కంటే పెద్దది కావడంతో అక్షరాలు కొన్ని అంచుదాటి పోయేవి. కొత్తగా సేకరణ మొదలుపెట్టినవారు ఇలాంటి వాటిని అరుదైన తప్పు నాణేలని పొరబడి ఎక్కువ ధర పెడుతుంటారు. నిజానికి చేతిముద్ర నాణెంలో అది సహజం. వాటిపై కనిపించే చిన్న గాట్లు కూడా చాలావరకు వెండిని పరీక్షించిన షరాబులు వేసినవే.

1893లో బ్రిటిష్ ప్రభుత్వం ప్రజలు తెచ్చే వెండిని రూపాయలుగా ముద్రించి ఇచ్చే పద్ధతిని తన టంకశాలల్లో ఆపివేసింది. దానితో బ్రిటిష్ రూపాయి (దీనిని హైదరాబాదులో కల్దారు అనేవారు) వెండి ధరతో సంబంధం తెంచుకుంది. హాలీ రూపాయి మాత్రం పడిపోతున్న వెండి ధరతోపాటే పడిపోయింది. హాలీలో జీతం తీసుకుని, కల్దారులో వెలకట్టిన బయటి సరుకు కొనవలసిన వారిపై ఈ భారం పడింది. యంత్రంతో చేసిన చర్ఖీ నాణేలు 1890ల్లో వచ్చినా సమస్య తీరలేదు. ఆర్థిక వ్యవహారాలు చూసిన కాసన్ వాకర్ కాలంలో, 1903లో సైఫాబాదుకు మారిన టంకశాల నుండి మహబూబియా రూపాయి వెలువడింది. రాజ్యం తన సొంత నాణేన్ని వదులుకోకుండా నిలుపుకుంది.

మహబూబియా రూపాయి బరువు 11.178 గ్రాములు, అందులో వెండి 81.8 శాతం. చార్మినారు ద్వారంలో మహబూబ్ పేరులోని మొదటి అక్షరం మీమ్ ఉంటుంది. నాణెంపై హిజ్రీ సంవత్సరం, పాలనా సంవత్సరం రెండూ ఉంటాయి. ఇతడు గద్దెనెక్కినది హిజ్రీ 1285 చివరలో కాబట్టి 1321కి సరిపోయేది 36 లేదా 37. ఈ లెక్క కుదరకపోతే అనుమానించాలి గానీ వెంటనే నకిలీ అని తేల్చరాదు. టంకశాలలోనే వేర్వేరు ఏళ్ళ అచ్చులు జతపడే అవకాశం ఉంది. పోతపోసిన నకిలీలో అక్షరాల అంచులు మొద్దుబారి, ఉపరితలంపై సన్నని గుంటలు, పక్క అంచున అతుకు గీత కనబడతాయి. కొద్దిగా బరువు తగ్గడం అరుగుదల వల్ల కావచ్చు, కానీ కొత్తదిలా మెరిసే నాణెం తేలికగా ఉంటే అది నమ్మదగినది కాదు. కంచు పైసలపై చార్మినారు ఉండదు, తుగ్రా ఉంటుంది.

చివరి సంవత్సరాలు

1908 సెప్టెంబరు 28న మూసీ వరద నగరాన్ని ముంచెత్తినప్పుడు నిరాశ్రయులకు రాజభవనాల తలుపులు తెరిపించాడు. 1911లో ఫలక్‌నుమాలో మరణించాడు. సమాధి మక్కా మసీదు ఆవరణలో ఉంది.

హిజ్రీ 1329 మధ్యలో కుమారుడు ఉస్మాన్ ఆలీ ఖాన్ గద్దెకు వచ్చాడు. బొమ్మ మారలేదు, ద్వారంలో మీమ్ స్థానంలో ఐన్ చేరింది. తొలి నాణేలపై ఐన్ తలభాగం మాత్రమే ఉంది, తరువాత పూర్తి అక్షరం వచ్చింది. సగం ఐన్ ఉన్న రూపాయి కోసం సేకర్తలు ప్రత్యేకంగా వెతుకుతారు. పూర్తి ఐన్ తోకను గీకివేసి దానిని తయారు చేయడం సాధ్యమే కనుక, ద్వారం లోపలి భాగాన్ని భూతద్దంతో చూడటం అవసరం.