తన గొంతుతో పాడిన కవి

గొల్యాతు మీదికి వెళ్లుచున్న దావీదునకు సౌలు తన యుద్ధకవచమును తొడిగించిన సంగతి 1 సమూయేలు 17వ అధ్యాయములో చదువుచున్నాము. అది రాజుగారి కవచము, మంచిదే. అయినను ఆ బాలునికి అలవాటు లేనిది. అతడు దానిని తీసివేసి, మందను కాయునప్పుడు చేతికి అలవాటైన వడిసెలతోనే వెళ్లెను. ఈ భాగము చదివినప్పుడెల్ల మన తెలుగు కవి గుర్రం జాషువాగారు మాకు జ్ఞాపకము వచ్చుచుందురు.

ఆయన 1895 సెప్టెంబరు 28న, నేటి పల్నాడు జిల్లాలోని వినుకొండలో, క్రైస్తవ కుటుంబములో జన్మించెను. తండ్రి వీరయ్య, తల్లి లింగమ్మ. వారిద్దరివి వేరు వేరు కులములు. అంటరానితనము మిక్కుటముగా ఉన్న ఆ దినములలో ఆ బాలుడు అనేక అవమానములు పడెను. పద్యము వ్రాయుట మీద ఆశ కలిగినను, అది మన వంటి వారి పని కాదని లోకము చెప్పుచుండెను.

జాషువాగారు కూడు కొరకు పలు పనులు చేసెను. రాజమండ్రిలో మాటలు లేని సినిమాలు ఆడుచుండగా, తెర యొద్ద నిలిచి కథను, సంభాషణలను చదివి వినిపించెను. తరువాత చాలకాలము ఉపాధ్యాయుడుగా ఉండెను. అయినను చదువు విడువలేదు. జూపూడి హనుమచ్ఛాస్త్రిగారి యొద్ద కాళిదాసు మేఘసందేశమును నేర్చుకొనెను.

ఆ కావ్యములో తన భార్యకు దూరమైన యక్షుడొకడు మేఘముచేత ఆమెకు కబురు పంపును. అటువంటి కావ్యమునే మరల వ్రాసి పండితుల మెప్పు పొందుట జాషువాగారికి కష్టము కాదు. కాని యక్షుని విరహము ఆయన అనుభవము కాదు. ఆకలి, వెలి, ఇవి ఆయన ఎరిగినవి. గనుక 1941లో వచ్చిన గబ్బిలము అను కావ్యములో ఒక నిరుపేద అరుంధతీయుని నిలిపెను. అతడు తన గోడును కాశీ విశ్వనాథునికి చెప్పుకొనవలెను. కాని గుడిలోనికి అతనికి ప్రవేశము లేదు. గబ్బిలమునకు ఉన్నది! మనుష్యుని ఆపిన వాకిలి ఆ జీవిని ఆపలేదు. అందుచేత అతడు దానినే దూతగా పంపుచున్నాడు.

ఎవరును శుభమని తలంచని ఆ జీవిని కావ్యములోనికి తెచ్చుటకు ఎంత ధైర్యము కావలెనో ఆలోచించుడి. పద్యపు నడక పెద్దల యొద్ద నేర్చినదే. అందులోని ఏడ్పు మాత్రము ఆయనది. అందుచేతనే అది చదువరుల హృదయములను తాకెను.

వెలివేసిన లోకమే తరువాత ఆయనను గౌరవించెను. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు తమ చేతులతో ఆయన పాదమునకు గండపెండేరము తొడిగిరి. క్రీస్తు చరిత్ర అను కావ్యమునకు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము వచ్చెను. 1970లో పద్మభూషణ్ బిరుదము లభించెను. 1971 జూలై 24న ఆయన కన్నుమూసెను.

ప్రియులారా, మన సంఘములలోను పాటలు కట్టువారు, క్రిస్మసు నాటకములు వ్రాయువారు, పిల్లలకు కథలు చెప్పువారు ఉన్నారు. పట్టణము నుండి వచ్చిన మాటలే గొప్పవని, మన పల్లె మాట మోటదని సిగ్గుపడుచున్నాము. నేర్చుకొనుట మానవద్దు, జాషువాగారు మానలేదు. రాగము పెద్దల యొద్ద నేర్చుకొందము. ఆ రాగములో మన నాట్లు, మన కరవు, మన కన్నీరు, మనము పొందిన మేలు చెప్పుకొందము. అవి మన బదులు మరియొకరు చెప్పలేరు. ఈ నెలలో పాట కట్టదలచినవారు మొదట తమ ఇంటివైపు చూచి, అక్కడనుండి ఒక్క చరణమైనను ఆరంభించుదురు గాక.