కాటన్ దొర లెక్కా, టోలుగేటు లెక్కా

కోనసీమలో కాటన్ దొర పేరు తెలియని గడప లేదు. ఏటా మే 15న ఆయన విగ్రహాలకు దండలు పడతాయి. దండ వేసేవాళ్లలో రైతు వుంటాడు, కాంట్రాక్టరు వుంటాడు, మంత్రిగారూ వుంటారు. నీళ్లిచ్చిన పుణ్యాత్ముడని అందరూ ఒకే మాట చెబుతారు. ఆయన జీవితంలో సగభాగం మరో తగాదాతో గడిచిందన్న సంగతి మాత్రం ఆ సభల్లో వినపడదు. దారి ఎవరి డబ్బుతో వేయాలి, దాని మీద లాభం ఎవరికి పోవాలి, రవాణా ఖర్చు చివరికి ఎవరి నెత్తిన పడుతుంది, ఇదీ ఆ తగాదా. గోదావరి జిల్లాల రోడ్ల మీద టోలు వసూలు మాట లేచిన ఈ రోజుల్లో ఆ సగం జీవితం కూలీలకూ, పేద రైతులకూ తెలియాలని మేము అనుకుంటున్నాము.

ఆర్థర్ థామస్ కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో పుట్టాడు. పెద్ద కుటుంబం, పదో కొడుకు. ఈస్టిండియా కంపెనీ తన సైనికాధికారుల్ని తయారుచేసుకునే అడిస్కోంబ్ బడిలో చదివి, 1819లో మదరాసు ఇంజనీర్ల దళంలో చేరాడు. 1821లో మదరాసులో దిగాడు. మొదటి బర్మా యుద్ధంలో పనిచేశాడు. కావేరి దగ్గర కొల్లడం పాయ మీద ఆనకట్టలు కట్టించి తంజావూరు పొలాలకు నీళ్లు నిలబెట్టాడు. అది 1836 నాటి పని. ఇసుక పునాది మీద ఆనకట్ట ఎలా నిలబడుతుందో ఆయన నేర్చుకున్నది వేల యేళ్ల నాటి కల్లణై కట్టిన తమిళ రైతుల పనితనం చూసే. ఈ మాట ఆయనే ఒప్పుకున్నాడు.

అప్పటి గోదావరి జిల్లా సంగతి వేరు. పక్కనే నది సముద్రంలోకి పోతోంది, గట్టు మీద జనం ఆకలితో చస్తున్నారు. 1832-33లో నందన కరువు వచ్చింది. 1839లో కోరంగి తుపాను వూళ్లను తుడిచిపెట్టింది. 1821 ప్రాంతంలో ఏడు లక్షలు దాటివున్న జిల్లా జనాభా ఇరవై యేళ్లలో ఆరు లక్షల లోపుకు దిగిపోయింది. చచ్చినవాళ్లు చావగా, మిగిలినవాళ్లు వలసపోయారు.

వీటికి తోడు రాదారి సుంకాలు. ఈ సంగతి మన కుర్రవాళ్లకు తెలియదు. సరుకు వూరు దాటితే సుంకం, తాలూకా దాటితే సుంకం. చౌకీలు పెట్టి, వసూలు హక్కును ఇజారాదార్లకు పాటపెట్టేవారు. పాట పాడినవాడు తన పెట్టుబడికి రెండింతలు రాబట్టుకునేవాడు. వడ్లబస్తా ఒక చోట కుళ్లుతుంటే ఇరవై కోసుల అవతల జనం గంజికి మొహం వాచేవారు. దేశీ వర్తకులూ, విలాయతీ వర్తకులూ కూడా గగ్గోలు పెట్టాక, 1844లో ఒక చట్టం చేసి మదరాసు రాజధానిలో ఈ సుంకాలు ఎత్తేశారు. అంటే టోలుగేటు మనకు కొత్తది కాదు. జనం పడ్డ బాధ చూసి ఒకసారి పీకేసిన గేటే అది.

సరిగ్గా ఆ రోజుల్లోనే కాటన్ గోదావరి మీద తన నివేదికలు రాశాడు. తుది మంజూరు 1846 చివరిలో వచ్చింది. 1847లో ధవళేశ్వరం దగ్గర పని మొదలైంది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలుగా, మధ్యలో లంకల్ని కలుపుకుంటూ ఆనకట్ట లేచింది. 1848లో కాటన్ జబ్బుపడి ఆస్ట్రేలియా వెళితే రెండేళ్లు కెప్టెన్ ఆర్ పని నడిపాడు. 1852కి ఆనకట్ట పూర్తయింది. కూలీలనూ, సామాగ్రినీ కూడగట్టిన వీణం వీరన్న పేరు మన పెద్దలు చెబుతారు. రాళ్లు మోసిన, సున్నం గానుగ ఆడించిన, నడుంలోతు నీళ్లలో నిలబడ్డ వేలాది కూలీల పేర్లు మాత్రం ఏ రాతి మీదా లేవు. విగ్రహానికి వేసే దండలో సగం వాళ్లది.

కోనసీమకు నీళ్లొచ్చింది బొబ్బర్లంక దగ్గర తూముల ద్వారా. కాలవ లొల్ల లాకుల దగ్గర చీలి కిందికి పోతుంది. నగరం లంకకు నీళ్లు అందాలంటే వైనతేయం అడ్డం. హేగ్ అనే యువ ఇంజనీరు గన్నవరం దగ్గర 49 ఖానాల అక్విడక్టు కట్టి, నది మీదుగా కాలవను దాటించాడు. 2000లో పక్కనే కొత్తది వచ్చే దాకా నూటయాభై యేళ్లపాటు రాజోలు వైపు పొలాలు తాగింది ఆ నీళ్లే.

ఇక అసలు విషయం. కాటన్ కాలవను ఒక్క నీటిబోదెగా చూడలేదు. దారిగా కూడా చూశాడు. లాకులు కట్టించింది అందుకే. నీటిమట్టం ఎక్కువ వున్న చోటినుంచి తక్కువ చోటికి పడవను మెట్టుమెట్టుగా దింపటానికీ, ఎక్కించటానికీ లాకు. ఇద్దరు మనుషులు తాడు పట్టి లాగితే బళ్లకొద్దీ ధాన్యం కదిలేది. వడ్లు, కొబ్బరి, పొగాకు, కలప, ఇటుక అన్నీ పడవల మీదే. డెల్టా కాలవలు ఇటు కాకినాడనూ, అటు కృష్ణా కాలవల్నీ కలిశాయి. అక్కడినుంచి కొమ్మమూరు కాలవ, బకింగ్‌హాం కాలవ పట్టుకుని సరుకు మదరాసు దాకా పోయేది. ఆయన లెక్క సూటిగా వుంటుంది. మోసే ఖర్చు తగ్గితే పండించినవాడికి ఆ మేరకు మిగులుతుంది. కనుక ప్రజలకు కావలసింది చవకైన దారి. వేగం తర్వాత సంగతి.

అప్పట్లో లండనులో రైలు కంపెనీల జోరు. 1849 ఒప్పందాలతో ఒక కొత్త పద్ధతి పుట్టింది. కంపెనీ పెట్టుబడి పెడుతుంది, ప్రభుత్వం భూమి ఉచితంగా ఇస్తుంది. పెట్టుబడి మీద ఏటా 5 శాతం లాభానికి హామీ. రైలు నష్టపోయినా సరే, లోటును మనదేశపు ఖజానా, అంటే రైతు కట్టిన శిస్తు, పూడ్చాలి. లాభమొస్తే షేరుదారుడికి, నష్టమొస్తే రైతుకి. పొదుపుగా కట్టాలన్న భయం కంపెనీకి ఎందుకుంటుంది? మైలుకు అయిన ఖర్చు ఆకాశాన్నంటింది.

కాటన్ దీనికి ఎదురు తిరిగాడు. 1854లో ప్రజా పనుల మీద పుస్తకం రాశాడు. 1860లో ఉద్యోగం విరమించి ఇంగ్లండు చేరాడు. 1861లో సర్ బిరుదు వచ్చింది. బిరుదు పుచ్చుకుని ఆయన వూరుకోలేదు. సభల్లో మాట్లాడాడు, కరపత్రాలు వేశాడు. రైలు కరువుప్రాంతానికి ధాన్యం తేగలదు గాని, కొనే డబ్బు లేనివాడికి ఆ ధాన్యం దేనికని అడిగాడు. 1876-78 మహాకరువులో దక్షిణాదిన లక్షల మంది చచ్చిపోయినప్పుడు ఆ ప్రశ్న నిజమైంది. రైళ్లు నడుస్తూనే వున్నాయి, జనం చస్తూనే వున్నారు. 1878లో పార్లమెంటు సంఘం ముందు డెబ్భై అయిదేళ్ల కాటన్ సాక్ష్యమిచ్చాడు. పడవలు నడిచే కాలవలతో దేశాన్ని అల్లాలన్న ఆయన ప్రణాళికను సంఘం తోసిపుచ్చింది.

ఫలితం ఏమిటో రొమేశ్ చంద్ర దత్తు లెక్కకట్టి చూపాడు. 1900 ప్రాంతానికి రైళ్ల మీద సుమారు 22 కోట్ల 50 లక్షల పౌన్లు పోశారు. సాగునీటి పనులకు దక్కింది సుమారు రెండున్నర కోట్లు. రైళ్ల నష్టం కింద భారత ప్రజలు అప్పటికి భరించింది 4 కోట్ల పౌన్లు. అటు గోదావరి జిల్లాలో, ఎల్లలు కొంత మారినా, 1891 నాటికి జనాభా 20 లక్షలు దాటింది. ప్రజల డబ్బుతో కట్టిన ఆనకట్ట తన ఖర్చును పొలాల్లో ఎన్నో రెట్లు రాబట్టింది. దాని లాభం గేటు దగ్గర పెట్టెలో పడలేదు, కల్లంలో పడింది.

అయితే కాటన్‌ను దేవుణ్ని చేయటం కార్మికవర్గం పని కాదు. ఆయన కంపెనీ దొర, సామ్రాజ్యపు ఇంజనీరు. ఆనకట్ట కడితే శిస్తు ఎంత పెరుగుతుందో చూపించే ఆయన మంజూరు తెచ్చుకున్నాడు. నీళ్లొచ్చాయి గాని, భూమి లేనివాడికి భూమి రాలేదు. జమీందారు, మోతుబరి బలిశారు. కాలవగట్టు తెగితే వూరివాళ్లను బలవంతంగా పనికి ఈడ్చుకుపోయే నిర్బంధ శ్రమ చట్టం 1858లో వచ్చింది. 1890లో కాలవలూ రేవుల చట్టం వచ్చి, పడవలకు లైసెన్సు రుసుమూ, రేవులకు పాటా ఖాయం చేసింది. రేవు పాట పాడినవాడి జులుం మన లంకల జనానికి తరతరాలుగా తెలుసు. బల్లకట్టు ఎక్కితే డబ్బు, దిగితే డబ్బు, గంప వుంటే ఇంకొంచెం.

అంతకంటే ముఖ్యమైన పాఠం రాయలసీమలో వుంది. ప్రభుత్వం చేతికి డబ్బు రాకపోతే ప్రైవేటు కంపెనీ అయినా చేస్తుందని కాటన్ నమ్మాడు. తుంగభద్ర నీళ్ల కోసం మదరాసు ఇరిగేషన్ కంపెనీ పుట్టింది. పది లక్షల పౌన్ల పెట్టుబడికి అదే 5 శాతం హామీ. ఏ రైలు పద్ధతిని కాటన్ తిట్టిపోశాడో అదే పద్ధతి. కర్నూలు-కడప కాలవ పూర్తికాకముందే ఆ డబ్బు అయిపోయింది. ప్రభుత్వం మళ్లీ అప్పిచ్చింది. చివరికి 1882లో ప్రభుత్వమే ఆ కంపెనీ ఆస్తిని కొనుక్కుంది. వాటాదారుడు వడ్డీ తిన్నాడు, అసలూ తీసుకున్నాడు. కరువుసీమ రైతు రెండిటికీ శిస్తు కట్టాడు. కాటన్ మంచి ఇంజనీరే, ఉద్దేశమూ మంచిదే. అయినా లాభం హామీ ఇచ్చిన చోట ఇంజనీరు మంచితనం పనిచేయలేదు.

ఇప్పుడు మన సంగతికొద్దాం. 2024 నవంబరులో శాసనసభలో ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు ఒక ఆలోచన ప్రకటించారు. రాష్ట్ర రోడ్ల నిర్వహణను ప్రైవేటు ఏజెన్సీలకు అప్పగించి టోలు వసూలు చేయిస్తామనీ, ముందుగా ఉభయ గోదావరి జిల్లాల్లో చేసి చూస్తామనీ ఆయన చెప్పారు. మోటారుసైకిళ్లకు, ఆటోలకు, ట్రాక్టర్లకు టోలు వుండదన్నారు. వామపక్షాలు దీన్ని వ్యతిరేకించాయి. మన కూలి కుర్రాళ్లలో కొందరు మాత్రం, మనకు కార్లూ లారీలూ లేవు గదా, మనకేం పోయిందని అడుగుతున్నారు.

ఏం పోతుందో చూడండి. అంబాజీపేటలో కొబ్బరి ఎక్కించుకున్న లారీ టోలు కడుతుంది. ఆ డబ్బు వర్తకుడు తన జేబులోంచి తీయడు, కాయ ధరలో కోస్తాడు. ధర తగ్గిందని రైతు దింపు కూలిలో, ఒలుపు కూలిలో కోస్తాడు. తిరుగు లారీలో వచ్చే ఉప్పూ పప్పూ మీద అదే టోలు మళ్లీ ఎక్కుతుంది. బస్సు కట్టిన టోలు టిక్కెట్టులో కలుస్తుంది. గేటు దగ్గర ఆపనంత మాత్రాన మనం కట్టనట్టు కాదు.

పైగా రోడ్ల కోసం మనం ఇప్పటికే కడుతున్నాం. పెట్రోలు, డీజిలు మీద కేంద్రం రోడ్ల పేరుతో సెస్సు తీస్తోంది. దానికి 2000లో చట్టమే చేశారు. రాష్ట్రం 2020లో రోడ్ల అభివృద్ధికని లీటరుకు రూపాయి సెస్సు వేసింది. వాహనం కొంటే జీవితపన్ను. జాతీయ రహదారుల మీద 2008 నాటి రుసుము నియమాల ప్రకారం టోలు ఏటా ఏప్రిల్ ఒకటిన పెరుగుతుంది. కూలిరేటు అలా తేదీ పెట్టుకుని పెరగటం ఎవరైనా చూశారా? టోలు రాబడి చాలదనిపించే రహదారి పనులకు కంపెనీకి ప్రభుత్వం 40 శాతం దాకా గ్రాంటు ఇచ్చే పద్ధతీ వుంది. 1849 నాటి 5 శాతం హామీకి ఇది కొత్త చొక్కా.

రోడ్డు బాగుపడాలి. గోతుల్లో పడి కాళ్లు విరగ్గొట్టుకునేది మనవాళ్లే, పురిటినొప్పుల మనిషిని ఆసుపత్రికి చేర్చలేక అవస్థపడేదీ మనమే. మంచి రోడ్డు కావాలనే మనం అడుగుతున్నాం. టోలు లేకపోతే రోడ్డు లేదన్న బెదిరింపును మాత్రం ఒప్పుకోము. రోడ్డు వల్ల పెరిగే వ్యాపారం, పెరిగే భూమి విలువ, పెరిగే పన్నులు ప్రభుత్వానికే వస్తాయి. ఖర్చు కూడా అక్కడినుంచే రావాలి, ఎక్కువ గడించేవాడి దగ్గర ఎక్కువ తీసుకోవాలి.

కాటన్ 1899 జూలై 24న, తొంభై ఆరేళ్లు నిండి, ఇంగ్లండులోని డార్కింగ్‌లో చనిపోయాడు. చివరి రోజుల్లో కూడా పెరట్లో గోధుమ వేసి, నేలను లోతుగా తవ్వితే దిగుబడి ఎంత పెరుగుతుందో చూస్తూ కూర్చున్నాడట. ఆయన్ని గౌరవించేవాళ్లు దండతో పాటు ఆయన లెక్క కూడా గుర్తుంచుకోవాలి.

మన పని ఇది. ప్రతి గ్రామసభలో మూడు ప్రశ్నలు రాతపూర్వకంగా పెట్టించాలి. రోడ్డు సెస్సు కింద మన జిల్లాలో వసూలైంది ఎంత, రోడ్లకు ఖర్చయింది ఎంత? టోలు ఒప్పందం చేస్తే కంపెనీకి ఇచ్చే హామీ ఏమిటి, నష్టం ఎవరిది? వసూలు ఎన్నేళ్లు, ఆపేది ఎవరు? జవాబు రాని చోట తీర్మానం చేయాలి. దింపు కార్మికులూ, ఆటో నడిపేవాళ్లూ, కౌలురైతులూ, లారీ క్లీనర్లూ వేర్వేరుగా గొణుక్కుంటే గేటు లేస్తుంది. ఒక్కచోట కూర్చుని లెక్క అడిగితే 1844లో పోయినట్టే పోతుంది.