జాన్ మ్యూర్: మన ఊరి దారిలో నడిచిన మనిషి

1868 ఏప్రిల్‌లో ఒకాయన ఓక్లండ్‌లో పడవ దిగి, కొండల పక్కగా శాన్ హోసే వైపు నడక మొదలుపెట్టారు. ఇప్పటి మన ఫ్రీమాంట్ ఉన్నది ఆ దారిలోనే. ఆయన పేరు జాన్ మ్యూర్. వెళ్ళాల్సింది యోసెమిటీకి. అంత దూరమూ నడిచే వెళ్ళారు!

మ్యూర్ 1838లో స్కాట్లండ్‌లోని డన్‌బార్‌లో పుట్టారు. 1849లో వాళ్ళ కుటుంబం అమెరికాకి వలస వచ్చింది. పెద్దయ్యాక ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తుండగా ఆకురాయి కొన కుడి కంట్లో గుచ్చుకుంది. కొన్ని వారాలు చీకటి గదిలోనే ఉన్నారు. చూపు తిరిగి వచ్చాక ఆ పని వదిలేసి, చెట్లనీ కొండలనీ చూడటానికి బయలుదేరారు.

1869 వేసవిలో రెండు వేలకు పైగా గొర్రెలున్న ఒక మందతో సియెర్రా కొండలెక్కారు. అసలు పాఠం అక్కడే మొదలైంది. గొర్రెలు గడ్డితో పాటు చిన్న మొక్కల్ని కూడా తినేస్తాయి. మొక్క పోతే వేరు పోతుంది. వేరు లేకపోతే మట్టి నిలవదు, వానకి కొట్టుకుపోతుంది. అప్పుడు కింద ఉన్న ఊళ్ళకి వచ్చే నీళ్ళు కూడా పాడవుతాయి. గొర్రె, గడ్డి, మట్టి, నీరు: ఒకదాన్ని కదిపితే మిగతావన్నీ కదులుతాయి. మనం ఈరోజు జీవావరణ శాస్త్రం అంటున్నది దీన్నే. మ్యూర్ మాత్రం మంద వెనక నడుస్తూ నేర్చుకున్నారు.

యోసెమిటీ లోయని మంచు చెక్కిందని కూడా ఆయన చెప్పారు. అప్పటి పెద్ద శాస్త్రవేత్త విట్నీ ఒప్పుకోలేదు, లోయ అడుగు కుంగిపోయిందన్నారు. కానీ తర్వాతి పరిశోధనల్లో మంచు చేసిన పని ఎంత పెద్దదో తేలింది.

1890లో యోసెమిటీ నేషనల్ పార్క్ అయింది. 1892లో మ్యూర్, స్నేహితులు కలిసి సియెర్రా క్లబ్ పెట్టారు. ఆయనలో లోపాలు లేవని కాదు. ఆ కొండల్లో తరతరాలుగా బతికిన మూలవాసుల గురించి చిన్నచూపుతో కొన్ని మాటలు రాశారు. అవి చదివితే ఇప్పటికీ బాధ కలుగుతుంది.

ఆయన చివరి పోరాటం హెచ్ హెచీ లోయ కోసం. అది పార్క్ లోపలే ఉంది. 1906 భూకంపం, మంటల తర్వాత శాన్ ఫ్రాన్సిస్కోకి నీటి అవసరం ఇంకా గట్టిగా తెలిసొచ్చింది. అక్కడ డ్యామ్ కడతామని నగరం పట్టుబట్టింది. లోయని ముంచొద్దని మ్యూర్ ఏళ్ళ తరబడి వ్యాసాలు రాశారు, ఉత్తరాలు రాశారు. ఊరికి నీళ్ళు కావాలి, లోయా కావాలి. ఎవరి మాట తప్పు? 1913 డిసెంబరులో చట్టం వచ్చింది, మ్యూర్ ఓడిపోయారు. మరుసటి ఏడాది డిసెంబరు 24న చనిపోయారు.

డ్యామ్ 1923లో పూర్తయింది. నీళ్ళు 1934లో బే ఏరియాకి చేరాయి. కొండల కింద సొరంగంలోంచి వచ్చి, ఆ నీళ్ళు ఫ్రీమాంట్‌లోని ఇర్వింగ్టన్ దగ్గర పైపుల్లోకి దిగుతాయి. మన ఊరికి వచ్చే నీళ్ళలో కొంత భాగం ఆ లోయ నుంచే వస్తుంది.